ఆ సిస్టమ్ ఇంకా మనదేనా?

విజయవాడలో ఒక చిన్న డీటీపీ సెంటరు. పెళ్లిళ్ల సీజను. ఒకపక్క శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు. ఇంకోపక్క ఆధార్ జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోవడంతో సెంటరు యజమాని డబ్బు కట్టకుండా దాన్ని నడిపించే ‘క్రాక్’ కోసం నెట్‌లో వెతికాడు. దొరికిన జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టి ఉంది. పక్కనే ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని రాసి ఉంది. ఆపేశాడు. ఫైలు నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు తెర మీద ఒక బొమ్మ వచ్చింది. అది పోయేసరికి ప్రతి ఫైలు పేరు చివరా అర్థంపర్థం లేని నాలుగక్షరాలు వచ్చి చేరాయి. శుభలేఖ తెరుచుకోదు, బిల్లు తెరుచుకోదు. ఏ ఫోల్డరు చూసినా ఒక ‘రీడ్‌మీ’ ఫైలు: మీ ఫైళ్లకు తాళం పడింది, తీయాలంటే 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం తగ్గింపుతో 490 డాలర్లు.

సైబర్ భద్రత పనిలో ఉన్నవాళ్లకు ఈ లక్షణాలు కంఠతా వచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌లను రాన్సమ్‌వేర్ అంటారు. వాటిలో ఇది స్టాప్-డెజావు అనే కుటుంబం. 2018 నుంచి వందల రూపాల్లో తిరిగింది. కార్పొరేట్ కంపెనీల జోలికి పెద్దగా పోదు. క్రాకులూ, దొంగ లైసెన్సు కీలిచ్చే కీజెన్లూ వెతుక్కునే విద్యార్థులు, ఇళ్లలో వాడుకునేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు దీనికి దొరికే మనుషులు.

సెంటరు యజమానికి అన్నకొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు. సైబర్ దాడులు జరిగాక ఏం పోయింది, ఎలా పోయింది అని ఆరా తీయడం అతని ఉద్యోగం. కబురందిన మర్నాడే దిగాడు. ఆ రోజు బాబాయికీ అబ్బాయికీ మధ్య నడిచిన వాదం చాలా దుకాణాల్లో, చాలా ఇళ్లలో నడవాల్సినది.

బాబాయి కోరింది ఒక్కటే. “స్కాన్ పెట్టరా. దొరికిందల్లా డిలీట్ చెయ్. సాయంత్రానికల్లా సిస్టమ్ నా చేతికివ్వు. ఎల్లుండికి మూడు శుభలేఖలు ప్రెస్సుకి వెళ్లాలి.”

అబ్బాయి కీబోర్డు ముట్టుకోలేదు. “ముందు ఇది చెప్పు బాబాయ్. నెట్ కేబుల్ పీకావా?”

“ఎందుకు పీకుతాను? నీకు మెయిల్ పెట్టింది దీన్నుంచే కదా.”

“దీనికి ఇంకేమైనా తగిలించావా?”

బాబాయి కాస్త నసిగాడు. “బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఉందిగా, అందులో ఫైళ్లు బాగున్నాయో లేదో చూద్దామని పెట్టాను. వాటికీ అవే నాలుగక్షరాలు వచ్చాయి.”

అలా ఎందుకైందో అబ్బాయి విడమరిచి చెప్పాడు. ఈ వైరస్ ఒకసారి పని చేసి ఊరుకోదు. కొన్ని నిమిషాలకోసారి తనను మళ్లీ నడపమని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని రాసిపెట్టుకుంటుంది. కొత్తగా తగిలించిన డ్రైవ్ ఏదైనా సరే, తర్వాతి వంతులో దానికీ తాళం పడుతుంది. పాత స్థితికి వెళ్లడానికి విండోస్ దాచుకునే షాడో కాపీలను అది ముందే చెరిపేస్తుంది. సలహా కోసం మనం వెళ్లే భద్రతా సైట్లు తెరుచుకోకుండా హోస్ట్స్ అనే ఫైలును మార్చేస్తుంది. అందుకే వైరస్ అని అనుమానం తగలగానే చేయాల్సిన మొదటి పని స్కాన్ కాదు, కేబుల్ పీకడం, వైఫై ఆపడం. రెండోది, ఆ సిస్టమ్‌కి ఏ డ్రైవూ తగిలించకపోవడం.

“సరే, ఇప్పుడు పీకాం. ఇక స్కాన్ పెట్టు,” అన్నాడు బాబాయి.

“స్కాన్ పెడితే వైరస్ దొరకొచ్చు, శుభ్రంగా ఉందని కూడా రావొచ్చు. ఏదొచ్చినా నేను నమ్మను. నువ్వు యాంటీవైరస్ ఆపావు. ‘ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా’ అని విండోస్ అడిగితే ‘యెస్’ నొక్కావు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఎవడో రాసిన ప్రోగ్రామ్‌కి ఈ సిస్టమ్ మీద నీకెంత అధికారం ఉందో అంత అధికారం వచ్చింది. ఆ తర్వాత అది ఏం మార్చిందో, ఏం దాచిందో లెక్క తేల్చేవాడెవడు? అందుకే ఇది ఇక మన సిస్టమ్ కాదంటున్నాను. మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయాల్సిందే.”

బాబాయికి కోపం వచ్చింది. “మీ కుర్రాళ్లందరిదీ ఒకటే మంత్రం, ఫార్మాట్! మొన్న పక్క షాపువాడి బ్రౌజర్ తెరిస్తే చాలు, ఏవో ప్రకటనలు వచ్చేవి. సర్వీసు కుర్రాడు చూడను కూడా చూడకుండా ఫార్మాట్ కొట్టాడు. వాడి అకౌంట్లన్నీ పోయాయి. ప్రతిదానికీ తుడిచెయ్యడం వైద్యమా?”

ఇక్కడ బాబాయి మాటలో న్యాయం ఉంది. అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు. డౌన్‌లోడ్ అయిన ప్రతి చెడ్డ ఫైలుకీ ఒకటే చికిత్స చేయనక్కర్లేదు. దించుకున్నారు గానీ తెరవలేదు అనుకుందాం. తొలగించి, ఒకసారి పూర్తి స్కాన్ చేస్తే చాలు. బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయి ప్రకటనలు ముసురుకుంటే ముందు ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడాలి. తెలియనివి తీసేసి, బ్రౌజర్‌ను రీసెట్ చేసి, విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. ఇది విండోస్ పూర్తిగా లేవకముందే నడిచే స్కాన్ కాబట్టి, విండోస్ నడుస్తుండగా దాక్కునే వాటిని కూడా పట్టుకోగలదు. చాలా వరకు దానితో సర్దుకుంటుంది. తెలియని ప్రోగ్రామ్‌ను నడిపారు, దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇచ్చారు అంటే మాత్రం సంగతి వేరు. అక్కడ స్కాన్ నివేదికను సాక్ష్యంగా తీసుకోకూడదు.

“అయినా దీని పని తాళం వేయడమే కదరా. వేసేసింది. ఇంకేం చేస్తుంది?”

“తాళం వేయడం కంటికి కనబడే పని బాబాయ్. నా భయం కనబడని పని గురించి.”

ఈ కుటుంబపు రాన్సమ్‌వేర్ చాలాసార్లు ఒంటరిగా రాలేదు. 2019లో దీని వెంట అజోరల్ట్ అనే దొంగ ప్రోగ్రామ్ దిగుతున్నట్టు పరిశోధకులు గుర్తించారు. తర్వాతి రోజుల్లో విడార్ అనేది వచ్చింది. వీటిని ఇన్ఫోస్టీలర్లు అంటారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, క్రిప్టో వాలెట్లు, కుకీలు మూటగట్టి తమ సర్వర్‌కి పంపేస్తాయి. కుకీలంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒక సైట్‌లోకి మనం ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఆ సైట్ మన బ్రౌజర్‌లో ఉంచే గుర్తు అది. ఆ గుర్తు ఎత్తుకుపోయినవాడు మన మెయిల్‌ను మనమే తెరిచినట్టు తెరవగలడు. చాలా సైట్లు అతన్ని ఓటీపీ కూడా అడగవు. ఇలాంటి దొంగల్లో కొన్ని పని ముగించుకుని తమను తామే చెరిపేసుకుంటాయి. ఆ తర్వాత ఎన్ని స్కాన్లు పెట్టినా ‘ఏ ముప్పూ లేదు’ అనే వస్తుంది. ముప్పు అప్పటికే వచ్చి వెళ్లిపోయింది కాబట్టి అలా వస్తుంది.

ఇదేమీ చిన్న వ్యవహారం కాదు. లూమా అనే ఇన్ఫోస్టీలర్ ఒక్కటే 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు 3 లక్షల 94 వేల విండోస్ కంప్యూటర్లలో దూరిందని మైక్రోసాఫ్ట్ గుర్తించింది. ఆ మే నెలలోనే యూరోపోల్, అమెరికా న్యాయశాఖ తదితరులతో కలిసి దాని వెనకున్న సుమారు 2,300 డొమైన్లను మూయించింది. లూమా క్రాకుల ద్వారానే కాదు, దొంగ ‘నేను రోబోను కాదు’ పేజీల ద్వారా కూడా వ్యాపించింది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, ఆపైన పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి అని ఆ పేజీ చెబుతుంది. చెప్పినట్టు చేసినవాడు తన చేతులతోనే వైరస్‌ను పిలిచినట్టు. నిజమైన ఏ సైటూ మనిషినని నిరూపించుకోవడానికి ఆ పని చేయమనదు.

బాబాయి కాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత అసలు మంట బయటపడింది. “అంటే తప్పంతా నాదేనంటావు. క్రాక్ వేసినవాడు చెడ్డవాడు, వైరస్ వాడికి పడ్డ శిక్ష. మరి 2017లో మన పోలీసులు ఏ క్రాక్ దించుకున్నార్రా?”

ప్రశ్న సూటిగా తగిలింది. 2017 మే 12న వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ అది సోకింది. ఎవరూ ఏదీ దించుకోనక్కర్లేదు, ఏదీ నొక్కనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకిన వైరస్ అది.

“అది మానేయ్,” బాబాయి ఆగలేదు. “అదే ఏడాది సీక్లీనర్ సంగతేంటి? కంపెనీ సొంత సైట్ నుంచి, కంపెనీ సంతకంతో వచ్చిన ఫైలేగా? అందులోనే వైరస్ ఉందిగా?”

అదీ నిజమే. కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లను తుడిచే ప్రోగ్రామ్ సీక్లీనర్. 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 వెర్షన్‌లో దుండగులు తమ కోడ్ చొప్పించారు. కంపెనీ డిజిటల్ సంతకంతోనే అది బయటికి వచ్చింది. సుమారు 22 లక్షల 70 వేల మంది దాన్ని వాడారు. నెల దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు.

“రెండూ నిజమే బాబాయ్,” అన్నాడు అబ్బాయి. “అయితే వాటి తర్వాత ఏం జరిగిందో చూడు. వాన్నక్రై దూరిన సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, దాడికి రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. దొంగ విండోస్ వాడేవాళ్లు పట్టుబడతామన్న భయంతో అప్‌డేట్లే ఆపేసుకుంటారు. సీక్లీనర్‌లో తేడా కనబడగానే కంపెనీ ఫలానా వెర్షన్‌లో ఫలానా తప్పు జరిగిందని ప్రకటించింది, కొత్త వెర్షన్ ఇచ్చింది. నీకు క్రాక్ ఇచ్చినవాడు ఏ ప్రకటన చేస్తాడు? వాడి పేరేంటి? అసలు సైట్ నుంచి దించుకుంటే ప్రమాదమే ఉండదని నేననను. ప్రమాదం వచ్చినప్పుడు జవాబు చెప్పేవాడు ఉంటాడంటున్నాను.”

దొంగ కాపీలకూ వైరస్‌లకూ చుట్టరికం ఇవాళ్టిది కాదు. ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్‌గా పేరుపడ్డ ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో పుట్టింది. రాసినవాళ్లు బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ అనే అన్నదమ్ములు. తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీ చేసేవాళ్లను పట్టుకోవడానికే దాన్ని రాశామని వాళ్లు తర్వాత చెప్పారు. వైరస్‌లోనే తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు పెట్టారు. ఫ్లాపీల మీద అది దేశదేశాలకు పోయింది. అప్పుడు రాసినవాడు చిరునామా ఇచ్చాడు. ఇప్పుడు రాసేవాడు బిట్‌కాయిన్ వాలెట్ సంఖ్య ఇస్తున్నాడు.

“జవాబు చెప్పేవాడు కావాలంటే నెలనెలా డబ్బు కట్టాలి,” అన్నాడు బాబాయి. “అవన్నీ ఇప్పుడు చందాలు. ఒకసారి కొనుక్కుని పదేళ్లు వాడుకునే రోజులు పోయాయి. శుభలేఖకు నాకు మిగిలేదెంతో నీకు తెలుసా? పెద్ద పెద్ద ఆఫీసులు కట్టే చందా మా వీధిలో షాపు ఎలా కడుతుంది?”

“ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి ఉన్నాయి కదా. ఫొటోలకు గింప్, లోగోలకు ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్. సిలికానాంధ్ర వాళ్లు వదిలిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు.”

“నువ్వు లిస్టు చదివావు, నేను పని చెబుతాను విను. మా ప్రెస్సుల్లో సగం ఇప్పటికీ పేజ్‌మేకర్ మీదే నడుస్తున్నాయి. దానికి ఆఖరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. మా పాత ఫైళ్లన్నీ ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట పడతాయి. కూర్చుని దిద్దాలి. నువ్వు చెప్పే స్క్రైబస్‌లో మొన్నమొన్నటి దాకా తెలుగు ఒత్తు సరిగా పడేది కాదు.”

ఈ మాటకు అబ్బాయి ఎదురు చెప్పలేకపోయాడు. భారతీయ లిపుల గుణింతాలూ ఒత్తులూ సరిగ్గా కూర్చగల స్థిరమైన స్క్రైబస్ వెర్షన్ 1.6, అది 2024 జనవరిలోనే వచ్చింది. తెలుగు డీటీపీ రంగం పాతికేళ్లుగా పాత సాఫ్ట్‌వేర్‌కు అతుక్కుని ఉందంటే అది ఒక్క దుకాణదారు బద్ధకం కాదు. తెలుగు అక్షరం సరిగ్గా పడే కొత్త పనిముట్లు అతని దాకా ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవాటిని నేర్పినవాళ్లు కూడా తక్కువే. క్రాక్ వాడకండి అని చెప్పేవాళ్లందరూ ఈ కష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అసలు పోరు డబ్బు దగ్గర వచ్చింది. గోడ గడియారం చూసి బాబాయి అన్నాడు: “490 డాలర్లంటే నలభై వేల పైచిలుకు. ఈ సీజన్ పోతే నాకు పోయేది అంతకంటే ఎక్కువ. 72 గంటల్లో ఇంకా టైముంది. కట్టేస్తాను. పెద్ద కంపెనీలే కడుతున్నాయి, నాకేం నామోషీ?”

“పెద్ద కంపెనీ కడితే ఏమైందో చెప్పనా? 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీ 75 బిట్‌కాయిన్లు కట్టింది, దాదాపు 44 లక్షల డాలర్లు. దొంగలు తాళం తీసే ప్రోగ్రామ్ ఇచ్చారు. అది ఎంత నత్తనడకన నడిచిందంటే, చివరికి సొంత బ్యాకప్‌ల నుంచే పని మొదలుపెట్టుకున్నారు. నువ్వు కట్టిన తర్వాత వాడు అసలు బదులే ఇవ్వకపోతే ఎవర్ని అడుగుతావు? పైగా నువ్విచ్చే నలభై వేలు ఇంకో దుకాణం మీద దాడికి పెట్టుబడి.”

“ఇంకో దుకాణం గురించి నేను తర్వాత ఆలోచిస్తా. ముందు నా ఫైళ్లు!”

ఆ మాటలో స్వార్థం కన్నా దిగులే ఎక్కువ. అబ్బాయి స్వరం తగ్గించాడు. ఈ వైరస్‌లో రెండు రకాల తాళాలు ఉంటాయని వివరించాడు. తాళం వేసే సమయానికి అది తన సర్వర్‌ను అందుకోగలిగితే ఆ సిస్టమ్ ఒక్కదానికే ప్రత్యేకమైన తాళంచెవి తెచ్చుకుంటుంది. దాన్ని ఆన్‌లైన్ కీ అంటారు. అది దొంగ దగ్గర తప్ప మరెక్కడా ఉండదు. నెట్ లేకపోయినా, సర్వర్ పలకకపోయినా తనలో ముందే దాచుకున్న తాళంచెవితో కానిచ్చేస్తుంది. అది ఆఫ్‌లైన్ కీ. ఒకే రూపం సోకిన చాలామందికి ఆ తాళంచెవి ఒకటే కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు బయటపడే అవకాశం ఉంటుంది. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ కంపెనీ, పరిశోధకుడు మైఖేల్ గిలెస్పీ కలిసి ఈ కుటుంబంలోని 148 పాత రూపాలకు తాళం తీసే పరికరాన్ని ఉచితంగా విడుదల చేశారు. ఆ ఏడాది ఆగస్టు తర్వాత వచ్చిన రూపాల్లో మాత్రం ఆఫ్‌లైన్ కీ పడ్డవాళ్లకే ఆశ.

“అంటే ఆ 2019లో పరికరం వచ్చేదాకా ఫైళ్లు దాచుకున్నవాళ్లకు తిరిగి దొరికాయన్నమాట,” బాబాయి ఠక్కున పట్టుకున్నాడు. “మరి వెంటనే ఫార్మాట్ చేసుకున్నవాడి గతి? నువ్వు పొద్దున్నుంచీ ‘తుడిచెయ్’ అంటున్నావే, తుడిచేశాక రేపు తాళంచెవి దొరికితే దేనికి పెట్టుకోవాలి?”

ఈసారి బాబాయిదే పైచేయి. అబ్బాయి తన మాట సవరించుకున్నాడు. ఆ హార్డ్ డిస్క్‌ను తుడవరు, ఊడదీసి రీడ్‌మీ ఫైలుతో సహా పక్కన పెడతారు. కొత్త ఎస్ఎస్‌డీ వేసి, దాని మీద విండోస్ వేస్తారు. సిస్టమ్ తుడిచేయాలన్న అబ్బాయి వాదం, ఫైళ్లు ఉంచుకోవాలన్న బాబాయి వాదం రెండూ అలా నెగ్గాయి. పెళ్లి వీడియోలు ఉన్న కస్టమర్లకు ఇంకో చిన్న ఊరట కూడా ఉంది. ఈ వైరస్ వేగం కోసం ఒక్కో ఫైలులో మొదటి 150 కిలోబైట్ల మేరకే గిలక్కొడుతుంది. చిన్న శుభలేఖ ఫైలైతే దాదాపు మొత్తం పోతుంది. పెద్ద వీడియోలో పోయేది తొలి ముక్కే కాబట్టి వీడియో మరమ్మతు పరికరాలతో చాలా వరకు బతికించే వీలుంటుంది.

ఎల్లుండి ప్రెస్సుకి వెళ్లాల్సిన మూడు శుభలేఖల సంగతీ అప్పుడే తేలింది. కస్టమర్లకు చూపడానికి పంపిన పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో ఉన్నాయి. ప్రెస్సుకు పంపిన పాత పనులు జీమెయిల్ సెంట్ ఫోల్డర్‌లో ఉన్నాయి. గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్లకు తాళం పడినా, పాత రూపాలను అది 30 రోజుల పాటు ఉంచుతుంది. డబ్బు కట్టే ముందు ఇవన్నీ వెతకాలని కంగారులో తట్టదు.

ఆఖరి తగాదా అన్నిటికంటే బరువైనది. అబ్బాయి అడిగాడు: “ఈ సిస్టమ్‌లో ఎంతమంది ఆధార్, పాన్ స్కాన్లు ఉన్నాయి?”

“ఉంటాయి, వందలు. దరఖాస్తులు పెట్టిస్తాం కదా.”

“వాళ్లకు చెప్పాలి బాబాయ్.”

“ఏమని? మీ కాగితాలు దొంగలపాలయ్యాయనా? రేపట్నుంచి నా గుమ్మం ఎవడు తొక్కుతాడు? ఫైళ్లు పోయాయి, పరువు కూడా తీసుకోనా? పోలీసుల దగ్గరికి వెళ్లమని కూడా అంటావు. క్రాక్ వాడానని తెలిస్తే నన్నే లోపలేస్తారు.”

ఆ భయం ఉత్తిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌ను వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వైరస్ చొప్పించినవాడు చేసింది కూడా నేరమే. 2000 నాటి ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్ల కింద 3 ఏళ్ల జైలు, 5 లక్షల జరిమానా దాకా ఉంది. వాడు ఎక్కడున్నాడో తెలియదు, దుకాణదారు మాత్రం ఇక్కడే దొరుకుతాడు. నోరు మూసుకోవడమే మేలని బాధితుడికి అనిపిస్తుంది. ఆ మౌనమే దొంగకు అన్నిటికంటే పెద్ద రక్షణ.

అబ్బాయి ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. కానీ వెనక్కి తగ్గలేదు. “నీ ఫైళ్లు నీవి. వాటి గురించి ఏం చేసినా నీ ఇష్టం. ఆ ఆధార్ కాగితాలు నీవి కావు, నిన్ను నమ్మి ఇచ్చినవి. వాళ్ల పేరు మీద ఎవడో సిమ్ తీసుకుంటే, అప్పు తీసుకుంటే వాళ్లకు ఎలా తెలుస్తుంది? నువ్వు చెబితే కనీసం ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకుంటారు, బ్యాంకు మెసేజ్‌లు ఓ కంట కనిపెడతారు.”

బాబాయి చాలాసేపు బదులివ్వలేదు. చివరికి, “సిస్టమ్‌లో వైరస్ పడిందనీ, కాగితాలు బయటికి పోయి ఉండొచ్చనీ చెబుతాను. ఇకమీదట పని కాగానే స్కాన్లు చెరిపేస్తాను. పోలీసుల సంగతి మాత్రం ఒక లాయర్ని అడిగాకే,” అన్నాడు. వాదం అక్కడ ఆగింది. ఇద్దరూ ఒకే మాట మీదకు రాలేదు గానీ పని మొదలైంది.

ముందు, ఆ సిస్టమ్‌లో కాకుండా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు మార్చారు. మొదట మెయిల్, ఎందుకంటే మిగతా అన్ని పాస్‌వర్డ్‌లనూ మార్చుకునే దారి అదే. తర్వాత బ్యాంకు, ఆపైన మిగతావి. ప్రతిచోటా ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ నొక్కారు. ఎత్తుకుపోయిన కుకీలు అప్పుడే చెల్లకుండా పోతాయి. వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాలను తీసేశారు. తర్వాత మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఉచిత మీడియా క్రియేషన్ టూల్ దించి, ఆ ల్యాప్‌టాప్‌లోనే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారుచేసి, కొత్త ఎస్ఎస్‌డీలో వేశారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి 11 వేశారు. తాళం పడిన ఒక ఫైలునూ రీడ్‌మీనీ ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో పరీక్షకు పెట్టారు. డచ్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన ఉచిత సేవ అది. అక్కడ కస్టమర్ కాగితం కాకుండా ఒక పాత ఫ్లెక్సీ ఫైలు ఇచ్చారు. ఆ సైట్ చూపిన ఎమ్సిసాఫ్ట్ పరికరంతో చూస్తే తేలింది ఆన్‌లైన్ కీ అని. ఇప్పట్లో తాళం తీయడం కుదరదు.

ఈ సంవాదంలో ఎవరు నెగ్గారంటే, సిస్టమ్ విషయంలో అబ్బాయి నెగ్గాడు. తెలియని ప్రోగ్రామ్‌కు అధికారం ఇచ్చి నడిపిన కంప్యూటర్‌ను స్కాన్ చేసి మళ్లీ నమ్మడం తప్పు. ఖర్చు విషయంలోనూ, ఫైళ్లు దాచుకోవడం విషయంలోనూ బాబాయి నెగ్గాడు. చిన్న దుకాణానికి అందుబాటు ధరలో, తెలుగు సరిగ్గా పడే పనిముట్లు కావాలి. వాటిని నేర్పే శిక్షణ ప్రతి జిల్లాలోనూ కావాలి. ప్రభుత్వాలూ, భాషా సంస్థలూ, ప్రింటర్ల సంఘాలూ ఈ బాధ్యత తీసుకోవాలి.

పాఠకుడు ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. పోతే తట్టుకోలేని ఫైళ్లను ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్‌ను ఊడదీసి పక్కన పెట్టండి. ఇంకో కాపీ వేరే ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉంచండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే గంటలు లెక్కపెట్టుకోకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.